అంచు ఆరకముందే

"ఇక్కడ గురువుగారంటే ఎవరండీ?"

రంగుల షాపు గుమ్మంలో నిలబడి ఒక యువకుడు అడిగాడు. గొంతు పెద్దదేమీ కాదు గానీ, అందులోని వేడికి కౌంటర్ దగ్గరున్న జనమంతా వెనక్కి తిరిగి చూశారు. మెడలో టైలర్ల టేపు వేలాడుతోంది. జుట్టు నిండా తెల్లరంగు చుక్కలు. ఒక కనుబొమ పూర్తిగా నెరిసిపోయినట్టుంది.

జనం పక్కకి జరిగి కౌంటర్ వెనకున్న అమ్మాయిని చూపించారు. అలా జరగడంలో కొంచెం హుషారు కూడా ఉంది. పొద్దున్నే ఊరికే ఒక తగువు చూడటానికి దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు?

ఆ అమ్మాయికి గురువుగారని పేరు పెట్టింది షాపుకొచ్చేవాళ్ళే. షాపు ఆమె మావయ్యది. చదువు పూర్తయ్యాక, "ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే బదులు వచ్చి కౌంటర్ చూసుకోవే" అని ఆయన పిలిచాడు. ఆమె చూసుకుంది. చూసుకోవడంతో ఆగకుండా పాఠాలు మొదలుపెట్టింది. డబ్బా అడిగినవాడికి డబ్బా ఇచ్చి పంపడం ఆమెకి చేతకాదు. గోడ తడిగా ఉందా, పుట్టీ ఆరిందా, రోలర్ కొత్తదా పాతదా, అన్నీ అడిగి, చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుని మరీ పంపేది. సీలింగ్ పాఠమైతే మరీను. అది చెబుతుంటే మావయ్య కూడా చేస్తున్న పని ఆపి, మురిసిపోతూ వినేవాడు.

ఇంతకీ గురువుగారు పుట్టి బుద్ధెరిగి ఒక్క సీలింగుకైనా రంగు వేసిన పాపాన పోలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నేనేనండీ. ఏం కావాలి?" అంది.

"కొత్తగా ఏమీ వద్దండీ. ఉన్నది పోవాలి." అతను ఫోను తీసి కౌంటర్ మీద పెట్టాడు. "మా అక్క గది సీలింగ్ ఇది. చూడండి."

చూసింది. తెల్లటి సీలింగ్ మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసగా పట్టీలు పట్టీలుగా చారలు.

"చారలు పడ్డాయి," అంది, డాక్టరు జబ్బు పేరు చెప్పినంత గంభీరంగా.

"అది నాకూ తెలుస్తోందండీ. గుడ్డ మీదైతే డిజైన్ అని చెప్పి కుట్టేసేవాణ్ణి. సీలింగ్ కదా. మీరు చెప్పింది చెప్పినట్టే చేశాను."

"మధ్యలో ఆపి టీ తాగారా?"

"లేదు."

"రోలర్ గట్టిగా నొక్కారా?"

"లేదు."

"ఫ్యాన్ వేసుకున్నారా?"

"మీరు వద్దన్నారుగా. చెమటలు కారుతుంటే అలాగే వేశా."

"అయితే నీళ్ళు ఎక్కువ కలిపుంటారు."

"మీరిచ్చిన గ్లాసుతోనే కొలిచి పోశానండీ. ఆ గ్లాసు కూడా తెచ్చాను, చూపించమంటారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో గురువుగారికి తిక్క రేగింది.

"చూడండీ, రోజూ ఇంతమందికి చెబుతున్నాను. ఎవరికీ రాని చారలు మీ ఒక్కరికే వచ్చాయంటే తేడా చెప్పడంలో లేదు, వినడంలో ఉంది. చెవులు ఇక్కడ పెట్టి మనసు ఇంకెక్కడో పెడితే సీలింగ్ ఏం చేస్తుంది పాపం?"

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. పోట్లాడతాడనుకుంది గానీ, అతను ఫోను జేబులో పెట్టుకుని గొంతు తగ్గించాడు.

"మా అక్కకి నెలలు నిండేదాకా మంచం దిగకూడదన్నారండీ. బావది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. పొద్దస్తమానం దానికి కనిపించేది ఆ సీలింగే. పాతదంతా పెచ్చులూడి ఉంటే, కాస్త కళ్ళకి హాయిగా ఉంటుందని వేశాను. సాయంత్రం లైటు వేసి చూస్తే ముత్యంలా ఉంది. తెల్లారి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేసరికి ఇదిగో, ఇలా. చూస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయంటోంది. పాపం, ముందుగదిలోకి మార్చాను. ఇంకోసారి చెప్పండి. ఈసారి సరిగ్గా వింటాను."

అలా అడిగితే ఏ గురువు మాత్రం కాదంటుంది? ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"అదిగో, ఆ గుమ్మమే మీ ఇంటి కిటికీ అనుకోండి. అందులోంచి వెలుతురు వస్తోంది. మొదటి కోటు వెలుతురికి అడ్డంగా. అంటే ఇలా." చెయ్యి కుడికీ ఎడమకీ ఆడించింది. "చివరి కోటు వెలుతురు వచ్చే దారిలోనే వెయ్యాలి. అంటే..."

చెయ్యి ముందుకు చాపబోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఎండ కౌంటర్ మీద పడింది. చాపిన చేతి నీడ ఆ ఎండని అడ్డంగా కోస్తూ కనిపించింది.

చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఈ పాఠం ఆమెకి మావయ్య నేర్పిందే. అప్పట్లో కౌంటర్ గుమ్మానికి ఎదురుగా ఉండేది. మావయ్య గుమ్మం వైపు తిరిగి నిలబడి చెప్పేవాడు. చెయ్యి పక్కలకి ఆడిస్తే అడ్డం, ముందుకు చాపితే వెలుతురు దారి. ఆమె మాటలతో పాటు ఆ చేతి ఊపులు కూడా బట్టీ పట్టింది. ఆ తర్వాత షాపు ఇరుకవుతోందని మావయ్య కౌంటర్‌ని పక్కగోడకి తిప్పాడు. గుమ్మం ఆమె కుడిచేతి వైపుకి పోయింది. కౌంటర్ తిరిగింది గానీ పాఠం తిరగలేదు. నోటితో గుమ్మమే కిటికీ అని చెబుతూ, చేత్తో అంతా తలకిందులు చూపిస్తోంది. ఒక రోజు కాదు, కౌంటర్ తిప్పినప్పటి నుంచీ.

కౌంటర్ ముందు జనం. పక్కన మావయ్య, మేనకోడలి తెలివికి మురిసిపోతూ. ఎదురుగా ఒక కనుబొమ తెల్లబడిన టైలర్, కళ్ళార్పకుండా ఆమె చేతినే చూస్తూ.

ఆమె చేతిని మెల్లగా కుడివైపు, గుమ్మం వైపు తిప్పింది.

"ఇలా," అంది. "చివరి కోటు ఇలా. మొదటిది అలా."

అతను ఒక్క క్షణం ఆమె మొహం వైపు చూశాడు. తర్వాత తల వంచుకున్నాడు.

"అయితే నేనే తిరగేసి విన్నానన్నమాట. క్షమించండి. తెలియక అందరి ముందూ మిమ్మల్ని నిలదీశాను."

ఇప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. ఆమె నోరు తెరిచింది కూడా.

"ఫర్వాలేదండీ. జరుగుతుంటాయి," అంది.

అతను వెళ్ళిపోయాడు. జనం ఎవరి డబ్బాలు వాళ్ళు తీసుకున్నారు. మావయ్య మాత్రం, "తప్పు ఒప్పుకున్నాడు చూడు, పెద్దమనిషి" అని మెచ్చుకున్నాడు. ఆ మాట ఆమె చెంపమీద కొట్టినట్టు తగిలింది.

ఆ పూట ఆమె ఎవరికీ పాఠం చెప్పలేదు. డబ్బా అడిగితే డబ్బా ఇచ్చింది. కారియర్ విప్పి, కెలికి, మూతపెట్టేసింది. తప్పు చెప్పడం ఒక ఎత్తు. తెలియక చేసింది కదా అని సర్దుకోవచ్చు. కానీ తన తప్పుకి ఇంకొకడు తలవంచుకుంటే, పెద్దమనసు చేసుకున్నట్టు ఫర్వాలేదనడం ఏమిటి? ఎంత తలుచుకుంటే అంత సిగ్గేసింది. ఇంటికెళ్ళి పడుకుంటే పైన సీలింగ్ కనిపించింది. పక్కకి తిరిగి పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం, షాపు బిల్లులో అడ్రసు చూసుకుని, ఆమె టైలర్ ఇంటి మెట్లెక్కింది. కింద కుట్టుషాపు, పైన ఇల్లు. షాపులో కట్టుకునే ఏప్రన్ సంచిలో పెట్టుకుని వెళ్ళింది. నిజం చెప్పి వచ్చేద్దామనే బయల్దేరింది. తలుపు తీసిన మనిషిని చూడగానే మాత్రం నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మా షాపు తరఫున వచ్చానండీ. రంగు సరిగ్గా కుదిరిందో లేదో వచ్చి చూస్తుంటాం."

అలాంటి ఏర్పాటు వాళ్ళ షాపులోనే కాదు, లోకంలో ఏ షాపులోనూ లేదు. అతను పక్కకి జరిగి దారిచ్చాడు. కనుబొమ ఇప్పుడు నల్లగానే ఉంది. బాగానే ఉంది కూడా. అది తను చూడాల్సిన సంగతి కాదని ఆమె కళ్ళు దించుకుంది.

ముందుగదిలో మంచం మీద అక్క ఒత్తిగిలి పడుకుని ఉంది. దిండు పక్కన పళ్ళు, పుస్తకం, ఫోను, దువ్వెన. మంచమే ఆవిడ ఊరు.

"ఎవర్రా?"

"గురువుగారక్కా. రంగుల షాపు."

"అయ్యో, మీరేనా? రండమ్మా, కూర్చోండి. మావాడు షాపుకొచ్చి మీ మీద ఎగిరాడట కదా. చిన్నప్పటి నుంచీ అంతే వీడికి, చెవులుంటాయి గానీ పని చెయ్యవు. ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చేవాడు. తప్పంతా తన దగ్గర పెట్టుకుని మిమ్మల్ని అంటాడా? నేను బాగా గడ్డి పెట్టానులెండి."

ఆమె కూర్చోలేదు. కూర్చుంటే ఇంకేం వినాల్సి వస్తుందోనని భయం.

"గది చూస్తానండీ," అంది.

గదిలో సామానంతా బయట పెట్టేశాడు. నేలమీద పాత దుప్పట్లు పరిచి ఉన్నాయి. చారల్ని కాగితంతో రుద్ది, కిటికీకి అడ్డంగా ఒక కోటు పొద్దున్నే వేశానని, ఆరిపోయిందని చెప్పాడు. ఇక మిగిలింది చివరి కోటు, కిటికీ గోడ నుంచి ఎదురు గోడకి.

"ఎలాగూ షాపు తరఫున వచ్చారు కదా. ఒక పట్టీ వేసి చూపించండి," అన్నాడు పొడుగుకర్ర తగిలించిన రోలర్ చేతికిస్తూ.

ఆమె ఏప్రన్ కట్టుకుంది. ఆ ఏప్రన్ జేబు ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి ఉండేది. వంగితే చాలు, పెన్సిల్ కింద పడేది. ఇప్పుడూ పడింది. అతను తీసిస్తూ జేబు వైపు చూసి మొహం చిట్లించాడు.

రోలర్‌ని రంగులో ముంచింది. ట్రే మీద దొర్లించి ఎక్కువైన రంగు పిండుకోవాలని వేలమందికి చెప్పిన మనిషి, కంగారులో అలాగే పైకెత్తింది. మొదటి బొట్టు నుదుటిమీద పడింది. రెండోది ముక్కుమీద. మూడోది మీద పడకుండా వెనక్కి గెంతితే కర్ర వెళ్ళి గోడకి తగిలింది.

అతను స్టూలు ఎక్కి మూలల్లో బ్రష్ వేస్తున్నవాడల్లా ఆగి కిందకి చూశాడు.

"ఒక మాట అడగనా? ఇంతకుముందు ఎన్ని సీలింగులు వేశారు?"

"లెక్కపెట్టలేదండీ."

"లెక్కపెట్టడానికి ఉన్నాయా?"

ఆమె ముక్కుమీద రంగు తుడుచుకోబోయి మొహమంతా పులుముకుంది.

"లేవు," అంది.

అతను నవ్వాడు. స్టూలు ఊగేంత నవ్వు. ముందుగదిలోంచి కేక వినిపించింది.

"ఏంట్రా ఆ నవ్వు?"

"ఏం లేదక్కా. గురువుగారు పాఠం చెబుతున్నారు."

ఆమెకి నేల బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది. మళ్ళీ తన పరువు కాశాడు. అడక్కుండానే కాశాడు.

"నాకూ ఇది మొన్ననే మొదలు," అన్నాడు దిగి వచ్చి. "మీ నోరు, నా చెయ్యి కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతాం. మీరు చెప్పండి, నేను అంచులు వేస్తా, మీరు నా వెనకే రోలర్ తోలండి. అసలు ఏం చెయ్యకూడదు?"

"మధ్యలో ఆగకూడదు," అంది. పాఠం మొదలయ్యేసరికి గొంతు కొంచెం కుదురుకుంది. "ఒక పట్టీ అంచు తడిగా ఉండగానే పక్క పట్టీ దానిమీద కలిపెయ్యాలి. ఆరాక కలిపితే రెండు పొరలు పడి గీత వస్తుంది. సగం ఆరినదాని మీదకి మళ్ళీ పోకూడదు. నొక్కకూడదు."

"మాకూ అంతే. కత్తెర పెట్టాక మధ్యలో ఆపితే అక్కడ గాటు పడుతుంది. ఎంత కుట్టినా దాగదు."

మొదలుపెట్టారు. అతను గోడ వెంట బ్రష్‌తో వెళ్తుంటే ఆమె వెనకే రోలర్ తోలింది. మొదటి పట్టీ వంకర. రెండోది కొంచెం నయం. తర్వాత చేతులకి అలవాటైంది. రంగు చప్పుడు చేస్తూ సీలింగుకి అంటుకుంటుంటే ఆమెకి ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్ళూ మాటగా తెలిసిన పనికి బరువుందని, మెడ నొప్పెడుతుందని, వాసన ఇలా ఉంటుందని ఆమెకి తెలియనే తెలియదు.

"మీరు బాగా వేస్తున్నారు," అన్నాడు.

"మీరు చూడకుండానే ఎలా చెబుతున్నారు?"

"చూస్తున్నాను."

సీలింగ్ వైపు చూస్తున్నాడనుకుని ఓరగా అటు చూసింది. అతను సీలింగ్ వైపు చూడటం లేదు. ఆమె గబుక్కున తల పైకెత్తేసింది. అదృష్టం, సీలింగుకి రంగు వేసేవాళ్ళకి అలా తలెత్తుకోవడానికి మంచి సాకు ఉంటుంది.

సగం గది అయ్యాక అతను అన్నాడు.

"అక్క ఒకటే సణుగుడండీ. అంతమందిలో ఆడపిల్లని అలా నిలదీస్తావా అని. షాపులో ఏదో ముక్తసరిగా చెప్పాను గానీ, ఇప్పుడు మనస్ఫూర్తిగా చెబుతున్నా. తప్పు నాదే. ఏమీ అనుకోకండి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. రోలర్ సీలింగుకి ఆని అక్కడే నిలబడింది.

"ఆపకండి, అంచు ఆరిపోతుంది," అన్నాడు కంగారుగా.

ఆమె రోలర్ కదిలించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైకి చూస్తూ ఉండటం వల్ల అవి కిందకి జారలేదు.

"మీకొకటి చెప్పాలి."

"చెప్పండి. చెయ్యి మాత్రం ఆపకండి."

"తప్పు మీది కాదు. మీరు సరిగ్గానే విన్నారు. నేనే తిరగేసి చెప్పాను." రోలర్ కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "షాపులో కౌంటర్ తిప్పారు. నేను చేతుల్ని పాత పద్ధతిలోనే ఆడిస్తున్నాను. రెండోసారి చెబుతుంటే నాకే అర్థమైంది. జనంలో పరువు పోతుందని మెల్లగా మార్చేశాను. మీరు క్షమించమంటే ఫర్వాలేదన్నాను. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. షాపు తరఫున అని కూడా అబద్ధమే. అలా ఎవరూ రారు."

అతని బ్రష్ గోడ వెంట కదులుతోంది. ఆమె వెనకే వెళ్ళింది. తడి అంచు ఆగనివ్వదు కదా. మనిషి మొహం చూడకుండా, పారిపోవడానికి వీల్లేకుండా, పక్కపక్కనే ఆ గది చివరిదాకా వెయ్యాల్సి వచ్చింది. ఒక్క మాట అంటాడేమోనని ప్రతి పట్టీకీ ఎదురుచూసింది. కోప్పడినా బాగుండేది.

ఆఖరి పట్టీ అయింది. అతను స్టూలు దిగాడు. అతని మొహం కూడా ఎర్రగా ఉంది.

"అయిపోయిందండీ. థాంక్స్," అని బ్రష్‌లు పట్టుకుని పెరటి పంపు దగ్గరకి వెళ్ళిపోయాడు. ఆమె వైపు చూడనైనా చూడలేదు.

ఏప్రన్ విప్పి కిటికీ ఊచకి తగిలించిన సంగతి కూడా మరచిపోయి ఆమె బయటపడింది. ఖాళీ గదిలో మాట బావిలో పడ్డట్టు మోగుతుంది. ముందుగదిలో అక్క అంతా వినే ఉంటుంది. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక "వస్తానండీ" అని గోడకి చెప్పి మెట్లు దిగింది. ముక్కుమీద తెల్లరంగుతో వీధంతా నడిచింది. చూసినవాళ్ళు నవ్వుతుంటే, తనకి ఇది తక్కువే అనుకుంది.

మర్నాడు షాపు తెరవగానే ఆమె మావయ్య ఎదురుగా నిలబడింది.

"మావయ్యా, నువ్వు కౌంటర్ తిప్పావు. నేను పాఠం తిప్పలేదు."

ఆయనకి ముందు అర్థం కాలేదు. ఆమె చెప్పింది, చూపించింది. షాపు తరఫున అని అబద్ధమాడి టైలర్ ఇంటికి వెళ్ళిన సంగతి కూడా దాచలేదు. ఆయన తనూ కౌంటర్ వెనక నిలబడి గుమ్మం వైపు చూస్తూ చేతులు అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు. కాసేపటికి మొహం పాలిపోయింది.

"ఓర్నాయనో," అన్నాడు. "అప్పటి నుంచీ?"

"అప్పటి నుంచీ."

"నేనూ పక్కనే ఉండి విన్నాను కదే. విని మురిసిపోయాను." ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "సరే, జరిగిందేదో జరిగింది. ఇక నుంచి మార్చి చెప్పు. ఊరంతా చాటాలా ఏంటి?"

"చాటాలి మావయ్యా."

ఆయన ఇంకేదో అనేలోపు జనం రానే వచ్చారు. వాళ్ళలో కొందరు ఆ రోజు నవ్వినవాళ్ళే. ఆమె కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుంది. అప్పుడే గుమ్మంలోంచి తెలిసిన గొంతు వినిపించింది.

"ఇక్కడ గురువుగారంటే ఎవరండీ?"

టైలర్. ఈసారి గొంతులో వేడి లేదు. చేతిలో మడతపెట్టిన ఏప్రన్ ఉంది.

"గురువుగారు ఎవరూ లేరండీ," అంది ఆమె. గొంతు తనకే వినపడనంత చిన్నగా వచ్చింది. మళ్ళీ గట్టిగా అంది. "అందరూ ఒక్క నిమిషం వినండి. ఆ రోజు ఇక్కడ ఈయన్ని పట్టుకుని, వినడం రాదని నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఈయన సరిగ్గానే విన్నారు. నేనే తప్పు చెప్పాను. పైగా ఈయన క్షమాపణ చెబితే తీసుకున్నాను. అది నాది కాదు. తిరిగి ఇచ్చేస్తున్నాను. క్షమించండి."

జనంలోంచి ఒక మీసాలాయన ముందుకొచ్చాడు.

"అయితే అమ్మా, మా హాలు సీలింగుకి చారలు పడింది కూడా..."

"నా వల్లేనండీ."

"ఒక్కసారి మా ఇంటికొచ్చి ఈ ముక్క మా ఆవిడతో చెబుదువు. తుమ్మినా దగ్గినా ఆ చారలే చూపించి దెప్పుతోంది. ఇంటికెళ్తే తలెత్తుకోనివ్వట్లేదు."

షాపంతా నవ్వింది. ఆ నవ్వులో ఆమెకీ నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. టైలర్ ఏప్రన్ అందించాడు. జేబు తిన్నగా ఉంది. పాత కుట్లు విప్పి, కొత్త దారంతో, పెన్సిల్ పట్టేందుకు లోపల సన్నటి అర కూడా కుట్టాడు.

"అక్క మిమ్మల్ని రమ్మంటోంది," అన్నాడు. "ఎండ పైకెక్కకముందే రావాలట."

ఆమె మావయ్య వైపు చూసింది. ఆయన ఏప్రన్ జేబు వైపు, టైలర్ మొహం వైపు మార్చి మార్చి చూసి, "వెళ్ళి రా" అన్నాడు. "ఈసారి అయినా షాపు తరఫున వెళ్ళు."

అక్క మంచం తిరిగి తన గదిలోకి వచ్చేసింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా సీలింగుని తడుముతోంది. ఆ వెలుతురులో ఏ లోపమైనా దాగదు. ఆమె ఊపిరి బిగబట్టి తలెత్తింది.

సీలింగ్ చదునుగా, ఒక్క తానులోంచి కత్తిరించినట్టు ఉంది. ఒక్కచోట తప్ప. సరిగ్గా నడిమధ్య, అరచేయంత మేర రంగు మందంగా పడి మచ్చ కనిపిస్తోంది. అది ఎక్కడిదో ఆమెకి తెలుసు. అతను రెండోసారి క్షమాపణ చెప్పినప్పుడు రోలర్ ఆగిన చోటు అది.

"సాయంత్రం వచ్చి సరిచేస్తానండీ," అంది తల దించుకుని.

"దాని జోలికి వెళ్ళారంటే ఊరుకోను," అంది అక్క. "నిన్నంతా ఇక్కడి మాటలు నాకు వినిపించాయి. అది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో నాకు తెలుసు. రోజంతా చూసేదాన్ని నేను. ఉత్త తెలుపు కంటే అదే నాకు బాగుంది." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఇక నీ సంగతి చెప్పరా. రాత్రంతా నా బుర్ర తిన్నావు కదా."

అతను గోడకి ఆనుకుని నిలబడి మెడలో టేపుని వేలికి చుట్టుకుంటున్నాడు.

"ఆ రోజు షాపులో మీరు చెయ్యి సగంలో ఆపి తిప్పారు కదా," అన్నాడు. "నేను చూశాను. చెయ్యి ఎటు కదిలితే గుడ్డ ఎటు తెగుతుందో చూసుకుని బతికేవాణ్ణండీ. ఆ మాత్రం కనిపించదా?"

ఆమె తెల్లబోయింది. "తెలిసే క్షమాపణ చెప్పారా?"

"మీ మొహం చూశాక ఇంకేమీ తోచలేదు. అప్పటిదాకా నామీద అంతెత్తున లేచిన మనిషి, ఒక్కసారిగా ఏదో పగలగొట్టిన చిన్నపిల్లలా అయిపోయారు. పోనీలే అనిపించింది."

"మరి నిన్న? నేను చెబుతుంటే ఒక్క మాటైనా అనలేదు."

"సిగ్గేసింది." అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "నిన్న మళ్ళీ క్షమించమన్నానే, అది అక్క చెప్పమని కాదు. మీరు బయటపడతారో లేదో చూద్దామని అన్నాను. మీరు చెప్పేశారు. ఏడుస్తూ, చెయ్యి ఆపకుండా, అంతా చెప్పేశారు. మీకు పరీక్ష పెట్టడానికి నేనెవర్నని నామీద నాకే అసహ్యమేసింది. మీ మొహం చూడలేక పంపు దగ్గరకి పోయాను. వచ్చేసరికి మీరు లేరు."

ఇద్దరూ తలలు వంచుకుని నిలబడ్డారు. సిగ్గుపడటంలో ఎవరు ఎక్కువో తేల్చుకుంటున్నట్టే ఉంది. ఆమె తప్పు చూసి కూడా దాచిపెట్టిన మనిషి, తన తప్పు మాత్రం దాచుకోలేకపోయాడు. ఆమెకి గుండెల్లో ఇన్నాళ్ళూ పేరుకున్న బరువు మెల్లగా కరిగిపోతుంటే, దాని చోట ఇంకేదో నిండుతోంది. ఇదీ భయంగానే ఉంది గానీ, ఇందులో సిగ్గు తియ్యగా ఉంది.

"నిన్నటి నుంచీ ఆ జేబే కుడుతూ కూర్చున్నాను," అన్నాడు అతను. "ఎన్నిసార్లు విప్పానో. ఇంత చిన్న కుట్టుకి నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు. మీరు రోజూ కట్టుకుంటారు కదా అని... అంటే, రోజూ మిమ్మల్ని... నాకు మాటలు చేతకావండీ. అర్థం చేసుకోండి."

ఆమె జేబులో చెయ్యి పెట్టింది. కొత్త దారం వేలికి తగిలింది.

"నాకు మాటలే వచ్చు," అంది. "చెయ్యడమే రాదు. అందుకని నేనే చెబుతాను. ఆ రోజు మీరు తల వంచుకుని వెళ్ళిపోయారే, అప్పటి నుంచీ ఏ పని చేస్తున్నా మీరే గుర్తొస్తున్నారు. ముందు తప్పు చేశాననే అనుకున్నాను. నిన్న మీ పక్కన రోలర్ పట్టుకున్నాక, అదొక్కటే కాదని..."

అక్కడికొచ్చేసరికి అతను తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. ఇంత పెద్ద పాఠాలు చెప్పిన నోరు సగం మాట దగ్గర నిలిచిపోయింది.

మంచం మీద అక్క వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. సీలింగ్ నడిమధ్యనున్న మచ్చనే చూస్తూ, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని, నెమ్మదిగా అంది.

"మధ్యలో ఆపకమ్మా. అంచు ఆరిపోతుంది."